జబ్బు లైను

ఆ ఉదయం పరేడ్ గ్రౌండులో అందరికన్నా బాగా నిలబడిన కుర్రాడు మర్నాడు మధ్యాహ్నానికి చనిపోయాడు.

వాణ్ణి మెచ్చుకున్నది ఉస్తాద్. సైన్యంలో కొత్తగా చేరిన కుర్రాళ్ళకు డ్రిల్లు నేర్పడం అతని పని. అతని అసలు పేరేమిటో ప్లటూన్‌లో ఎవరికీ పట్టదు. ఉస్తాద్ అంటే చాలు, నడుస్తున్నవాడు పరిగెత్తుతాడు, కూర్చున్నవాడు లేచి నిలబడతాడు. మెచ్చుకోవడమనేది అతని అలవాట్లలో లేదు. 'ఉస్తాద్ బావుందన్నాడంటే డాక్టరుకి చూపించాల్సిందే' అని బారక్‌లో కుర్రాళ్ళు నవ్వుకునేవారు. డాక్టరుకు చూపించాల్సింది ఉస్తాద్‌నా, ఆ మెప్పు పొందినవాణ్ణా అనేది ఎవరూ తేల్చి చెప్పేవారు కాదు.

ఆ శిక్షణ కేంద్రంలో ఒక పద్ధతి ఉంది. ఉదయం హాజరు అయ్యాక, ఒంట్లో బాగోలేనివాళ్ళు వరసలోంచి బయటికొచ్చి నీళ్ళ ట్యాంకరు పక్కన నిలబడాలి. దాన్ని జబ్బు లైను అంటారు. అక్కణ్ణించి ఎవణ్ణి ఆసుపత్రికి పంపాలి, ఎవణ్ణి వెనక్కి తోలాలి అన్నది ఉస్తాద్ ఇష్టం. దానికి అతను తన పద్ధతి ఒకటి కలిపాడు. ఎవడైనా జబ్బు లైన్లో నిలబడితే, వాడు నీడలో హాయిగా నిలబడి చూస్తూ ఉండాలి. వాడి బదులు మిగతా ప్లటూనంతా వాడి కళ్ళముందే దండీలు తీయాలి. ఆ సాయంత్రం బారక్‌లో వాడి సంగతి మిగతావాళ్ళే చూసుకునేవారు. కొద్ది రోజుల్లోనే ట్యాంకరు పక్క చోటు ఖాళీ అయిపోయింది. పక్క ప్లటూన్లలో రోజూ నలుగురైదుగురు దగ్గుతూ మూలుగుతూ నిలబడుతుంటే, ఉస్తాద్ ప్లటూన్ జబ్బు లైన్లో ఈగ కూడా వాలేది కాదు. మేజరుగారు మిగతా ఉస్తాదులకు ఆ ఖాళీ చోటు చూపించి, నేర్చుకోండయ్యా అనేవాడు.

ఆ ఉదయం ఆ చోట ఒకడు నిలబడ్డాడు. గడకర్ర.

పొడుగ్గా, సన్నగా ఉంటాడని ఉస్తాదే పెట్టిన పేరది. గడకర్ర పక్కమంచం వాడు పిచ్చుక. పొట్టిగా ఉంటాడు, నోరు మూయడు. వాళ్ళిద్దరూ ఒకే కంచంలో తిని, ఒకే గ్లాసులో తాగి, ఒకరి బూట్లు ఒకరు తుడుచుకునే రకం.

ఉస్తాద్ తాపీగా ట్యాంకరు దగ్గరికి నడిచాడు.

"ఏంట్రా?"

"తల పగిలిపోతోంది ఉస్తాద్."

"పగలనీ. ముక్కలు ఏరి అతికిద్దాం. లైన్లోకి పో."

ప్లటూనంతా నవ్వింది, పిచ్చుక తప్ప. గడకర్ర ఇంకేదో చెప్పబోయి, ముందే దండీలకు సిద్ధపడి చేతులు దులుపుకుంటున్న తోటివాళ్ళను చూసి, నోరు మూసుకుని తన చోటికి వెళ్ళిపోయాడు.

ఉస్తాద్ అటెన్షన్ చెప్పాడు. వరసల మధ్య నడవడం మొదలుపెట్టాడు. ఒకడి మోచేతిని బెత్తంతో తట్టి లోపలికి నెట్టాడు. ఇంకొకడి గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి పైకి లేపాడు. మెడ నిలబెట్టడం నేర్పడమే అన్నిటికన్నా కష్టం. పుస్తకాల మీదో, పొలంలోనో, ఫోన్లలోనో వంగిన మెడలు. వాటిని ఎన్నిసార్లు లేపినా వాడిపోయిన తోటకూర కాడల్లా మళ్ళీ వాలతాయి. గడకర్ర ముందుకు వచ్చేసరికి ఉస్తాద్ ఆగిపోయాడు.

ఆ మెడ ఇనపకడ్డీలా ఉంది. గడ్డం ఎంత లేవాలో అంతే లేచింది. రెప్ప తప్ప ఏదీ కదలడం లేదు. దవడలు బిగుసుకున్నాయి. ఉస్తాద్ చుట్టూ తిరిగి వెనకనుంచి చూశాడు. తన సర్వీసులో అంత నికార్సయిన అటెన్షన్ చూసిన గుర్తు లేదు అతనికి.

"వరసలోంచి బయటికి రా. దిమ్మెక్కు."

గ్రౌండు మధ్య సెల్యూట్ తీసుకునే సిమెంటు దిమ్మ ఉంది. గడకర్ర ఒక మెట్టు తడబడి ఎక్కాడు. సూర్యుడు సరిగ్గా ఎదురుగా ఉన్నాడు. వాడి కళ్ళలోంచి నీళ్ళు కారాయి. కళ్ళు చికిలించొద్దన్నాడు ఉస్తాద్. వాడు చికిలించడం మానేశాడు.

చూడండిరా, మెడంటే అది, అన్నాడు ఉస్తాద్. ఇన్నాళ్ళూ నేను మొత్తుకుంటున్నది దీని గురించే. తలనొప్పితో నిలబడ్డవాడు ఇంత బాగా నిలబడితే, ఏ నొప్పీ లేని మీకేం రోగం?

ప్లటూన్‌కు వాణ్ణి చూపిస్తూనే మెడలు సరిచేయించాడు. ఒక్కొక్కడి దగ్గరికీ వెళ్ళి, దిమ్మవైపు చూపించి, మళ్ళీ మళ్ళీ లేపించాడు. ఎండ ముదిరింది. చివరి వరసలో ఉన్నప్పుడు వెనక ఏదో బస్తా పడ్డట్టు చప్పుడైంది.

గడకర్ర దిమ్మ మీదనుంచి పక్కకు ఒరిగి కింద పడి ఉన్నాడు. పడ్డాక కూడా వాడి మెడ వంగలేదు. బూటు, మేజోడు లాగేసరికి చీలమండ చుట్టూ ఊదారంగు మచ్చలు కనబడ్డాయి. నేరేడుపళ్ళు నలిపి పూసినట్టు.

*

మర్నాడు వాడి ప్రాణం పోయాక, ఆసుపత్రి వరండాలో డాక్టరమ్మ మాస్కు కిందికి లాగి మేజరుగారితో, ఉస్తాద్‌తో మాట్లాడింది. ముక్కు మీద మాస్కు కట్టిన గీత ఎర్రగా పడింది. వయసులో చిన్నదే, కానీ నిన్నటినుంచి కూర్చున్నట్టు లేదు.

ఇది మెదడు చుట్టూ ఉండే పొరకు పట్టే జబ్బని, మెనింజైటిస్ అంటారని చెప్పింది. గొంతులోంచి గొంతులోకి పాకుతుందట. దగ్గితే చాలు, ఎంగిలి గ్లాసులో తాగితే చాలు. మంచానికీ మంచానికీ మధ్య చెయ్యి పట్టనంత ఇరుకులో కుర్రాళ్ళను పడుకోబెడితే దానికి అంతకన్నా కావలసింది లేదట. టీకా ఉంటుంది. ఈ బ్యాచ్‌కు ఇంకా రాలేదు. ఆ మాట అన్నప్పుడు మేజరుగారు వరండా బయటికి చూశాడు.

"ముందుగా తెలిసే జబ్బే ఇది," అంది డాక్టరమ్మ. "భరించలేని తలనొప్పి వస్తుంది. వెలుతురు చూడలేరు. మెడ కొయ్యబారిపోతుంది, గడ్డం గుండెకు ఆనించలేరు. తలనొప్పి మొదలవగానే నా దగ్గరికి తెచ్చి ఉంటే ఇంజక్షన్లతో నిలబెట్టేదాన్నేమో. మీతో ఏమీ చెప్పలేదా?"

ఉస్తాద్ కళ్ళముందు నిన్నటి ఉదయం నిలిచింది. ఇనపకడ్డీలాంటి ఆ మెడ, దాని చుట్టూ తిరిగి వెనకనుంచి చూసిన తను. నోరు తెరిచాడు.

"వీళ్ళు చెప్పరు డాక్టర్," అని మేజరుగారు అందుకున్నాడు. "ఎక్కువ రోజులు ఆసుపత్రిలో ఉంటే కింది బ్యాచ్‌కి తోసేస్తారని భయం. దాస్తారు. వీడూ దాచాడు. అంతేనా?"

చివరి మాట ఉస్తాద్‌ను అడిగింది. ఉస్తాద్ తల కిందికీ మీదికీ ఊగింది. ఊపింది తనే అన్న సంగతి అతనికి కాస్త ఆలస్యంగా తెలిసింది.

డాక్టరమ్మ అతని మొహంలోకి ఒక్క క్షణం ఎక్కువ చూసింది. తర్వాత నర్సు పిలిస్తే వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం బారక్ తలుపులకు కాపలా పెట్టారు. సగం మంచాలు బయటికి మోయించి గ్రౌండు అంచున గుడారాలు వేయించారు. కాన్వాసు లాగి మేకులు కొడుతున్నంతసేపూ కుర్రాళ్ళు ఒక్క జోకు వేసుకోలేదు. తర్వాత అందరినీ వరసలో నిలబెట్టి మాత్రలు మింగించారు. నర్సు మాత్ర ఇస్తుంది, నీళ్ళు ఎవరి గ్లాసు వాళ్ళే తెచ్చుకోవాలి, మింగాక ఉస్తాద్ ముందు నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించాలి. పిచ్చుక వంతు వచ్చింది. వాడు నోరు తెరిచాడు, నాలుక ఎత్తాడు. కళ్ళు మాత్రం ఉస్తాద్ కళ్ళమీదనుంచి తీయలేదు. వాడి చేతిలో రెండు గ్లాసులున్నాయి, తనదీ గడకర్రదీ.

మాత్రలయ్యాక ఉస్తాద్ మేజరుగారు చెప్పమన్నది చెప్పాడు. ఎవరికి తల నొప్పిగా ఉన్నా, జ్వరం తగిలినా, వెంటనే చెప్పాలి. వాడిలా దాచుకుంటే వాడిలాగే పోతారు. ఎవరికైనా ఏమైనా ఉందా?

ఒక్క చెయ్యీ లేవలేదు. ఇన్నాళ్ళూ అతను గర్వపడిన నిశ్శబ్దమే అది. ఈసారి అందులో నిలబడటం అతనికి కష్టమైంది.

అతన్ని కూడా ఇంటికి వెళ్ళొద్దన్నారు. బారక్ పక్కన సామాన్ల గదిలో మంచం వేశారు. పొద్దు వాలుతుండగా భార్య కంచె అవతలికి వచ్చి నిలబడింది. క్యారియరు కంచె కిందనుంచి కర్రతో నెట్టి, తను వెనక్కి జరిగింది. ఒంట్లో ఎలా ఉందని అడిగింది. మాత్ర వేసుకున్నారా అని అడిగింది. క్యారియరుకు కట్టిన మూటలో ఉతికిన బట్టలున్నాయంది.

"క్వార్టర్సులో అందరూ అదే అనుకుంటున్నారండీ," అంది తర్వాత. "పాపం, చచ్చిపోయేంత నొప్పి ఉన్నా చెప్పుకోలేదటగా. మీరంటే అంత భయమా వాళ్ళకి?"

కూరలో ఉప్పు సరిపోయిందో లేదో తిన్నాక చెప్తాలే, అన్నాడు ఉస్తాద్.

"మన పిల్లా అంతే. మొన్న సైకిలు మీంచి పడి మోకాలు చెక్కుకుపోతే, నాన్నకి చెప్పకమ్మా అని నా నోరు మూసింది." ఆవిడ నవ్వుతూనే అంది. అతను క్యారియరు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మూత తీయలేదు.

*

మర్నాడు గడకర్ర తండ్రి వచ్చాడు.

బక్కపల్చటి మనిషి. లారీలకు టార్పాలిన్లు కుట్టడం వృత్తి. ఏళ్ళ తరబడి కుట్టు మీదికి వంగి వంగి మెడ ముందుకు వాలిపోయింది. కుడి బొటనవేలు కాయకట్టి, గోరు ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. సందర్శకుల గదిలో బెంచీ మీద కూర్చున్నవాడల్లా ఉస్తాద్‌ను చూడగానే లేచి నిలబడ్డాడు. కూర్చోమంటే పర్లేదు బాబూ అన్నాడు. పరీక్షలేవో ఉన్నాయి కాబట్టి అబ్బాయిని రేపుగానీ ఇవ్వరని అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు. వాళ్ళమ్మతో వాడికి ఒంట్లో బాగోలేదని మాత్రమే చెప్పి బయల్దేరానని, ఎలా చెప్పాలో దారంతా ఆలోచించినా తెలియలేదని అన్నాడు.

"వాడు మీ మాట వినేవాడా బాబూ?"

"వినేవాడండి."

"అదే వాడి గుణం. చిన్నప్పట్నించీ చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. దారం పట్టుకోరా అంటే సాయంత్రం దాకా పట్టుకునే ఉండేవాడు." ఆయన బొటనవేలితో బెంచీ అంచు రాస్తూ ఉండిపోయాడు. "మరి ఇదొక్కటీ ఎందుకు దాచాడో. ఇక్కడ ఇంతమంది పెద్దవాళ్ళున్నారు. ఒక్క మాట చెప్పి ఉంటే మీరు చూడరా?"

ఉస్తాద్ గుమ్మంవైపు చూశాడు.

ఆయన రెండు చేతులూ జోడించాడు. తన కొడుకు చేసినపనికి మన్నించమన్నాడు. వాడు దాచబట్టే మిగతా పిల్లల ప్రాణాలకూ ముప్పు వచ్చిందని మేజరుగారు చెప్పారట. మీక్కూడా ఎంత మాట వచ్చి ఉంటుందో, వాడి తరపున నేను అడుగుతున్నాను, అన్నాడు.

ఉస్తాద్ ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు. దించడం తప్ప ఇంకేం చేయాలో తోచలేదు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. గదిలో ఇద్దరే ఉన్నారు. కానీ గుమ్మం దగ్గర బూట్ల చప్పుడైంది, మేజరుగారు లోపలికి వచ్చాడు.

తండ్రి ఆయనవైపు తిరిగి ఒక మనవి చేసుకున్నాడు. ఆ పిల్లలకు తను ఒక్క మాట చెప్పవచ్చా? దూరంనుంచే. ఏ నొప్పి వచ్చినా తన కొడుకులా దాచుకోవద్దని. మీరు చెప్తే అది ఆర్డరు సార్, నేను చెప్తే వింటారేమో, అన్నాడు.

మేజరుగారికి ఆ ఆలోచన బ్రహ్మాండంగా నచ్చింది. ఆయన భుజం మీద చెయ్యి వేసి, తెల్లవారి హాజరు తర్వాత ఏర్పాటు చేస్తానన్నాడు.

*

మర్నాటి ఉదయం నర్సు వచ్చి ఒక్కొక్కడికీ జ్వరం చూసి వెళ్ళింది. ఎవరికీ లేదు. ఆవిడ వెళ్ళాక ఉస్తాద్ ఎప్పట్లాగే బారక్‌లో మంచాలు చూడటానికి వెళ్ళాడు.

దుప్పటి మడత చూసి మడిచిందెవరో అతను చెప్పగలడు. ఒకడు అంచులు కొలిచినట్టు పెడతాడు. ఇంకొకడు మధ్యలో ఉబ్బెత్తుగా వదిలేస్తాడు. పిచ్చుక ఎన్ని తిట్లు తిన్నా ఎడమ మూల ఒక చెవి బయటికి వేలాడుతూనే ఉంటుంది. ఈరోజు పిచ్చుక దుప్పటి కత్తితో కోసినట్టుంది. అలా మడిచేవాడు ప్లటూన్‌లో ఒక్కడే, అవతలి మంచం వాడు, మేస్త్రి. ఇళ్ళు కట్టే పనికి వెళ్ళి వచ్చినవాడు కాబట్టి ఆ పేరు.

వీడి మంచం నువ్వెందుకు సర్దావని ఉస్తాద్ మేస్త్రిని అడిగాడు. నేను సర్దలేదు ఉస్తాద్, వాడికి ఈమధ్యే నేర్పాను, అన్నాడు మేస్త్రి ఎదురుగోడకేసి చూస్తూ. పిచ్చుకను అడిగాడు. నేర్చుకున్నాను ఉస్తాద్, అన్నాడు వాడు. మామూలుగా ఒక మాటకు పది మాటలు చెప్పేవాడు ఆ రెండు మాటలు చెప్పి ఊరుకున్నాడు.

ఉస్తాద్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఎవడో దాస్తున్నాడు. వాడో, వీడో, ఇంకెవడో. డాక్టరమ్మ చెప్పింది గుర్తొచ్చింది. మంచాల ముందు అందరినీ నిలబెట్టాడు.

"గడ్డాలు కిందికి. గుండెకి ఆనాలి."

అంత వింత ఆర్డరు వాళ్ళు అతని నోట ఎప్పుడూ వినలేదు. అయినా తలలన్నీ ఒక్కసారి వంగాయి. ఉస్తాద్ వరస వెంట నడిచాడు. ఒక్కొక్క గడ్డం కిందికీ వంగి చూశాడు. అన్నీ ఆనాయి. పిచ్చుక గడ్డమూ ఆనింది. వాడి పిడికిళ్ళు తెల్లగా పాలిపోయాయి, ముక్కు చివరనుంచి బూట్ల మీద చుక్కలు రాలుతున్నాయి. స్నేహితుడి ఖాళీ మంచం పక్కనే ఉంది. ఏడుస్తున్నాడనుకున్నాడు ఉస్తాద్. వాడి భుజం మీద చెయ్యి వేసి, తీసేసి, ముందుకు వెళ్ళిపోయాడు.

అతను ఆ కుర్రాళ్ళకు నేర్పినది అదే. ఎంత నొప్పి ఉన్నా ఆర్డరు ఆర్డరే.

*

గ్రౌండులో ప్లటూన్ ఎడం ఎడంగా నిలబడింది. మొహాలకు మాస్కులు. ఒక పక్క మేజరుగారు, ఆయన వెనక డాక్టరమ్మ. తండ్రి వాళ్ళకు ఎదురుగా, కాస్త దూరంలో. మొదట ఆయన గొంతు ఎవరికీ వినబడలేదు. గట్టిగా మాట్లాడి అలవాటు లేని మనిషి. మేజరుగారు సైగ చేస్తే మళ్ళీ మొదలుపెట్టాడు.

మీ అందరిలాగే వాడూ ఇక్కడికి ఇష్టపడి వచ్చాడన్నాడు. ఉత్తరాల్లో మీ అందరి గురించీ రాసేవాడన్నాడు. పిచ్చుక అనే కుర్రాడు నిద్రలో కూడా మాట్లాడతాడని రాశాడట. ఎవరూ నవ్వలేదు.

"నా కొడుకు నొప్పి దాచుకున్నాడు నాయనా. తప్పు చేశాడు. మీరు మాత్రం ఆ తప్పు చెయ్యకండి. పెద్దవాళ్ళకి చెప్పండి. చెప్తే చూస్తారు."

"వాడు దాచలేదు."

గొంతు చిన్నదే. కానీ గ్రౌండంతా వినబడింది.

"ఎవడ్రా అది?" అన్నాడు మేజరుగారు.

పిచ్చుక వరసలోంచి ఒక అడుగు బయటికి వేశాడు. "వాడు దాచలేదు బాబాయ్. జబ్బు లైన్లో నిలబడ్డాడు. తల పగిలిపోతోందని ఉస్తాద్‌తో చెప్పాడు. మేమందరం విన్నాం. లైన్లోకి పొమ్మన్నారు. మేం నవ్వాం కూడా." ఊపిరి తీసుకున్నాడు. "చెప్పినవాణ్ణే దాచాడన్నారు. ఇంక మేమెవరికి చెప్పాలి?"

మేజరుగారు ఉస్తాద్ వైపు తిరిగాడు. ఇది నిజమా అని అడిగాడు. ఏ జవాబు కావాలో ఆ అడగడంలోనే ఉంది. ఒక్క 'లేదు' చాలు. కుర్రవెధవ, స్నేహితుడు పోయిన దుఃఖంలో వాగాడని కొట్టిపారేయవచ్చు. వాణ్ణి గార్డురూములో కూర్చోబెడితే సాయంత్రానికి చల్లబడతాడు.

ఉస్తాద్ పిచ్చుకను చూస్తున్నాడు. తండ్రితో మాట్లాడి మేజరుగారివైపు తిరగడానికి వాడు తల తిప్పలేదు. పాదాలతో సహా మొత్తం ఒళ్ళంతా తిప్పాడు. కొయ్యబొమ్మను తిప్పినట్టు. ఎండ కళ్ళలో పడగానే వాడి మొహం నొప్పితో ముడుచుకుపోయింది.

గార్డురూముకు వెళితే సాయంత్రం దాకా వాడు ఉండడు.

"నిజమే సార్," అన్నాడు ఉస్తాద్.

తర్వాత తండ్రి వైపు తిరిగాడు. ఎన్నో వేలసార్లు ఆ గ్రౌండులో అరిచిన గొంతు చాలా మెల్లగా వచ్చింది.

"మీవాడు దాచలేదండి. నా దగ్గరికి వచ్చి చెప్పాడు. నేనే వెనక్కి పంపాను. మెడ పట్టేసి అలా నిలబడ్డాడని తెలియక, బాగా నిలబడ్డాడని దిమ్మెక్కించి అందరికీ చూపించాను."

మాట్లాడుతూ మాట్లాడుతూ తండ్రి పైకి లేపిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

ఉస్తాద్ పిచ్చుక దగ్గరికి వెళ్ళాడు. ఎప్పట్నించిరా అని అడిగాడు. పొద్దున లేచినప్పట్నించి, అన్నాడు వాడు. నర్సు రాకముందే జ్వరం మాత్రలు మింగాడట; దుప్పటి మడిచింది మేస్త్రేనట. ఇందాక గడ్డం ఎలా దించావురా అంటే, "మీరు దించమన్నారుగా ఉస్తాద్," అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు.

వాడి మోకాళ్ళు మడతపడ్డాయి. ఉస్తాద్ వాణ్ణి రెండు చేతుల మీదా ఎత్తుకున్నాడు. స్ట్రెచరు తెస్తున్నాం ఆగండని వెనకనుంచి ఎవరో అన్నారు. అతను ఆగలేదు. జీపులో పడుకోబెట్టి, డాక్టరమ్మ సూది తీస్తుండగా, వెనక్కి తిరిగి ప్లటూన్ ముందుకొచ్చాడు. బెత్తం ఎక్కడ పడేశాడో తెలియదు.

ఎవరికేం ఉన్నా వెళ్ళి అక్కడ నిలబడండి, అని ట్యాంకరు వైపు చెయ్యి చూపించాడు. దండీలు లేవు. ఎవరూ ఏమీ అనరు. నేనసలు ఏమీ అనను.

మొదట మేస్త్రి కదిలాడు. వెళ్ళి ట్యాంకరు పక్కన నిలబడి, గొంతు నొప్పిగా ఉందన్నాడు. వాడి వెనక ఒకడు కుంటుకుంటూ వెళ్ళాడు; మడమ చీలి చీము పట్టి ఎన్నాళ్ళైందో. ఇంకొకడు. ఇద్దరు. వరసలు పల్చబడుతూ వచ్చాయి. దగ్గులు, పుళ్ళు, వాచిన మోకాళ్ళు, కడుపునొప్పులు, ఇన్నాళ్ళూ బూట్లలోనూ చొక్కాలకిందా దాచినవన్నీ ట్యాంకరు పక్కన పోగుపడ్డాయి. చివరికి మధ్యలో నలుగురైదుగురు మాత్రమే మిగిలి, ఎటు నిలబడాలో తెలియక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

జీపును ఆసుపత్రికి పంపేసి డాక్టరమ్మ ఆ లైను వెంట ఒక్కొక్కరి నుదుటి మీదా చెయ్యి వేసుకుంటూ వచ్చింది. మధ్యలో ఒకడి దగ్గర ఆగి, వెనక్కి చూడకుండానే, ఇంకో జీపు కావాలంది.

*

ఆ మధ్యాహ్నం మేజరుగారు ఉస్తాద్‌ను పిలిపించాడు. తలుపు మూయించి చాలాసేపు మాట్లాడాడు. నీ కొంపకు నువ్వే నిప్పు పెట్టుకున్నావన్నాడు. ఎవరడిగారు నిన్నంత సత్యసంధుడిగా ఉండమని, అన్నాడు. విచారణ ఉంటుందన్నాడు. అప్పటిదాకా సామాన్ల గదిలో దుప్పట్లు చూసుకోమన్నాడు. కుర్రాళ్ళ ముందు నిలబడటం ఇక ఉండదు. ఉస్తాద్ అన్నిటికీ సరే సార్ అన్నాడు. టీకాల సంగతి కూడా విచారణలో అడుగుతారు కదా సార్ అని మాత్రం అన్నాడు. మేజరుగారు కాగితాలు సర్దుకున్నాడు.

ఆసుపత్రి గుమ్మం దగ్గర డాక్టరమ్మ కనబడింది. రెండో జీపులో తెచ్చినవాడికి భయం లేదని చెప్పింది. పిచ్చుక కూడా బతుకుతాడు. తెలివి వచ్చింది, మంచినీళ్ళు అడిగాడు. ఎడమచెవి దగ్గర చప్పట్లు కొడితే మాత్రం అటు తిరగడం లేదు. వాపు తగ్గాక వినికిడి ఏమైనా వస్తుందేమో చూడాలి. నేను మాట ఇవ్వలేను, అంది. లోపలికి వెళ్ళి చూడవచ్చా అని అతను అడగలేకపోయాడు. ఆవిడా రమ్మనలేదు.

వెనక గేటు దగ్గర వ్యాను నిలబడి ఉంది. అబ్బాయిని అందులోకి ఎక్కించారు. డ్రైవరు తలుపులు వేసి గొళ్ళెం పెడుతున్నాడు. తండ్రి పక్కనే నిలబడి, తలుపుల మీద కప్పిన కాన్వాసు కుట్టును బొటనవేలితో తడుముతున్నాడు. ఉస్తాద్ దూరంగానే ఆగిపోయాడు. తిడితే బాగుండుననుకున్నాడు. కొట్టినా బాగుండును. ఆయన అతన్ని చూసి, దగ్గరికి వచ్చాడు.

"ఆ చోటు చూపిస్తారా?"

ఇద్దరూ గ్రౌండులోకి నడిచారు. గుడారాల దగ్గర కుర్రాళ్ళు ఎవరూ లేరు. దిమ్మ దగ్గరికి రాగానే ఆయన చెప్పులు విడిచాడు. ఉస్తాద్ వద్దనబోయేలోపే కాలే సిమెంటు మెట్లు ఎక్కి పైన నిలబడ్డాడు.

"ఎటు చూసేవాడు?"

"సూటిగానండి. ఎదురుగా."

"చేతులు?"

ఉస్తాద్ తన చేతులు తొడలకు ఆనించి, పిడికిళ్ళు బిగించి చూపించాడు. ఆయన అలాగే పెట్టుకున్నాడు. మడమలు కలిపాడు. మెడ మాత్రం లేవలేదు. ఎంత ప్రయత్నించినా ముందుకే వాలింది. ఉస్తాద్ కుడిచేయి తనంతట తనే పైకి లేచింది, రెండు వేళ్ళతో గడ్డం ఎత్తడానికి. సగం దూరంలో తెలివి తెచ్చుకుని దించేశాడు.

"ఎంతసేపు నిలబడ్డాడు బాబూ?"

"నేను దించలేదండి," అన్నాడు ఉస్తాద్. "పడిపోయేదాకా నిలబడ్డాడు."

ఆయన తల ఊపాడు. దిగలేదు. ఎండ మొహానికి కొడుతోంది. ఆయన కళ్ళు చికిలించలేదు. నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. గేటు దగ్గర వ్యాను డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఆయనకు వినబడినట్టు లేదు.

ఇక చాలు, దిగండి అనే మాట ఉస్తాద్ గొంతుదాకా వచ్చింది. చెప్పాల్సిన రోజున చెప్పని మాట. ఈరోజు చెప్పే అర్హత తనకు లేదని అతనికి తెలుసు.

అతను దిమ్మ కింద, ఆయనకు ఎదురుగా, మడమలు కలిపి నిలబడ్డాడు. ఆయన దిగేదాకా.